గోత్రాలు వేరే, అవ్వ ఒకరే: బెంగళూరు తెలుగు వివాహ పరిచయ వేదికల పెద్దలకు బహిరంగ లేఖ

పెద్దలకు నమస్కారం.

మూఢం పోయి ముహూర్తాలు మొదలవగానే బెంగళూరులో మీకు చేతినిండా పని. విజయనగరలోనో, యలహంకలోనో, మారతహళ్లిలోనో ఒక కల్యాణ మంటపం మాట్లాడతారు. కోలారు, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు నుంచి తెల్లారకముందే బస్సెక్కి తల్లిదండ్రులు దిగుతారు. మైకులో ఒక్కొక్కరి వివరాలు చదువుతారు: పేరు, ఇంటిపేరు, గోత్రం, నక్షత్రం, పాదం, ఎత్తు, రంగు, చదువు, జీతం, సొంత ఇల్లు. ఈ మధ్య బ్లడ్ గ్రూపు కూడా చేరింది. ఇంత పెద్ద ఊళ్లో మనవాళ్లు ఒకరికొకరు తెలియకుండా పోకూడదని సొంత డబ్బులు, ఆదివారాలు పెట్టి మీరు చేస్తున్న పని ఇది. దాన్ని ఎగతాళి చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

నేను ఈ నగరంలోనే ఒక ఆసుపత్రిలో జెనెటిక్ కౌన్సెలర్‌ని. మాది హిందూపురం వైపు. తరాల నుంచి వచ్చే జబ్బులున్న కుటుంబాలతో కూర్చుని, అది ఎలా వచ్చింది, తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశమెంత, ఏ పరీక్షలున్నాయి అన్నది వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం నా ఉద్యోగం. నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో కొందరు మీలాంటి వేదికల్లో ఫారం నింపినవాళ్లు, కొందరు ఆ అవసరమే రాకుండా ఇంట్లోనే సంబంధం కుదిరినవాళ్లు. వాళ్లు నన్ను కలిసేది పెళ్లయ్యాక, బిడ్డ పుట్టాక, ఒక్కోసారి బిడ్డ పోయాక. మీరు వాళ్లను చూసేది పెళ్లికి ముందు. అందుకే మీకు రాస్తున్నాను. మీ ఫారంలో ఇంకో కాలమ్ కావాలి.

గోత్రం దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఆ విషయంలో మీరెంత పట్టుదలగా ఉంటారో అందరికీ తెలుసు. ఒకే గోత్రమైతే, గోత్రాల పట్టింపు లేని ఇళ్లలో ఒకే ఇంటిపేరైతే, అబ్బాయి ఐఐటీలో చదివినా సంబంధం ముందుకు కదలదు. దగ్గరి రక్తం కలవకూడదన్న ఆలోచన దాని వెనక ఉందని మీరే చెబుతారు. ఆలోచన మంచిదే. అయితే గోత్రం లెక్కపెట్టేది తండ్రి దారి ఒక్కటే: తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి. మన శరీరంలో కచ్చితంగా ఆ దారిలోనే నడిచేది మగవాళ్లలో మాత్రమే ఉండే వై క్రోమోజోమ్ అనే జన్యువుల పోగు ఒక్కటే. దాని మీద ఉన్న జన్యువులు చాలా తక్కువ. మనిషి మొత్తంలో ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు 20,000 దాకా ఉంటాయి, వాటిలో దాదాపు అన్నీ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటిగా వస్తాయి. ఇంత జాగ్రత్తగా గోత్రం చూసి మీరు చూస్తున్నది ఆ కొద్ది భాగాన్నే.

అక్క కూతుర్ని తమ్ముడికిచ్చే పెళ్లి చూడండి. పిల్లది ఆమె తండ్రి గోత్రం, పిల్లాడిది అతని తండ్రి గోత్రం. రెండూ వేరు కాబట్టి పురోహితుడికి అభ్యంతరం లేదు, మీ ఫారానికీ లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా దగ్గరి చుట్టరికాలను కాదంటూనే, ఆచారం ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చింది. కానీ మేనమామకూ మేనకోడలికీ సగటున నాలుగో వంతు జన్యువులు ఉమ్మడి. తాతకూ మనవరాలికీ ఉండేది కూడా సరిగ్గా అంతే. ఆ రెండో జంట పేరు ఎత్తితే చాలు మీరు చెవులు మూసుకుంటారు. బావామరదళ్లయితే ఎనిమిదో వంతు. పెదనాన్న పిల్లలతోనూ పిన్ని పిల్లలతోనూ మనకుండేది అదే ఎనిమిదో వంతు. ఒకచోట పెళ్లి మాటే మహాపాపం, ఇంకోచోట పుట్టగానే రాసిపెట్టిన హక్కు. వరసలు మనం పెట్టుకున్నవి. అవ్వ నుంచి దిగివచ్చే జన్యువుకు మేనత్త, పిన్ని తేడా లేదు.

ఉమ్మడి జన్యువులుంటే నష్టమేమిటని అడగొచ్చు. మంచివి కూడా ఉమ్మడిగానే వస్తాయి కదా? వస్తాయి. చిక్కంతా దాక్కునే లోపాలతో. దాదాపు ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి, ఒకే పొలానికి రెండు నకళ్లున్న దస్తావేజులాగా. ఒకదాంట్లో ఒక పంక్తి చెరిగిపోయినా రెండోది చూసి పని నడుపుకోవచ్చు. అలా ఒక నకలు మాత్రమే చెరిగినవాళ్లను క్యారియర్లు అంటాం. వాళ్లకు ఆ జబ్బు ఉండదు, క్యారియర్ అన్న సంగతి జీవితాంతం తెలియకపోవచ్చు. నాలోనూ అలాంటివి కొన్ని ఉంటాయి, మీలోనూ ఉంటాయి, లేనివాళ్లు లేరు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే జన్యువుకు చెరిగిన నకలే బిడ్డకు ఇచ్చినప్పుడు జబ్బు బయటపడుతుంది.

గ్రెగర్ మెండెల్ బఠానీల్లో చూసింది ఇదే. గుండ్రని గింజల మొక్కను ముడతల గింజల మొక్కతో కలిపితే మొదటి తరంలో అన్నీ గుండ్రంగానే వచ్చాయి. వాటి సంతానంలో మాత్రం 5,474 గుండ్రని గింజలతో పాటు 1,850 ముడతలవి తేలాయి. ఇంచుమించు మూడుకు ఒకటి. 1866లో అచ్చయిన ఈ లెక్కకు 1900 దాకా పట్టించుకున్న నాథుడు లేడు. ఆ తర్వాత రెండేళ్లకే, 1902లో, ఆర్చిబాల్డ్ గారడ్ అనే లండన్ వైద్యుడు ఆల్కప్టోన్యూరియా మీద రాశాడు. మూత్రం గాలి తగిలితే నల్లబడే అరుదైన స్థితి అది. అలాంటి పిల్లల తల్లిదండ్రుల్లో దగ్గరి చుట్టాలు మామూలుకన్నా చాలా ఎక్కువగా ఉన్నారని ఆయన గమనించాడు. మనిషి జబ్బుల్లో మెండెల్ లెక్క మొదట పనిచేసి కనబడింది, మన భాషలో చెప్పాలంటే, మేనరికం ఇళ్లలోనే.

ఇప్పుడు మన అవ్వ దగ్గరికి వద్దాం. ఆమెలో ఒక చెరిగిన నకలు ఉందనుకోండి. అది కొడుక్కి చేరే అవకాశం రెండింట ఒకటి. కూతురికీ అంతే, ఆ కూతురి కూతురికి నాలుగింట ఒకటి. ఆ కొడుక్కూ ఆ మనవరాలికీ ముడిపెడితే ఇద్దరూ క్యారియర్లయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఒక్కో కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 32లో ఒకటి. అదే కొడుక్కు బయటి పిల్లను, ఆ జబ్బుకు 200 మందిలో ఒకరు క్యారియర్‌గా ఉన్న జనంలోంచి తెస్తే, అవకాశం 1,600లో ఒకటి అవుతుంది. ఇది అవ్వలోని ఒక్క లోపానికి వేసిన లెక్క. తాతవి ఉన్నాయి, అవ్వకే ఇంకొన్ని ఉన్నాయి.

భయపెట్టడానికి చెప్పడం లేదు కాబట్టి రెండో వైపూ చెబుతాను. ఏ పెళ్లయినా, నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక పెద్ద లోపంతో పుడతారు. బావామరదళ్ల పెళ్లిలో దానికి ఇంచుమించు అంతే ఎక్కువవుతుంది. మేనమామ పెళ్లిలో ఇంకాస్త. అంటే మేనరికం చేసుకున్నవాళ్లలో అత్యధికుల పిల్లలు ఆరోగ్యంగానే ఉంటారు. మీ కళ్లముందు ఉన్నారు కూడా. అందుకే మీరు నా మాట నమ్మరు.

"మా తాతముత్తాతలందరివీ మేనరికాలే అమ్మా, మాకేమైంది?" ఈ ప్రశ్న నాకు నోటికి వచ్చు. ఆ తాతకు ఎంతమంది పుట్టారు, ఎంతమంది మిగిలారు అని నేను తిరిగి అడుగుతాను. అప్పుడు వేళ్ల మీద లెక్క మొదలవుతుంది. ఒకరు పురిట్లో, ఒకరు జ్వరమొచ్చి, ఒకరు నడక రాకుండానే, ఇంకొకరు ఎందుకో తెలియదు. ఆ రోజుల్లో అన్నిటికీ ఒకే పేరు, బాలారిష్టం. విరేచనాలు, మశూచి, ధనుర్వాతం ఎత్తుకుపోయిన పిల్లల మధ్య జన్యులోపంతో పోయిన బిడ్డ విడిగా కనబడలేదు. టీకాలు, ఆసుపత్రులు, మంచినీళ్లు వచ్చి మొదటి రకం చావులు తగ్గాక రెండో రకం పైకి తేలింది. పైగా ఇప్పుడు ఇంటికి ఒకరో ఇద్దరో. తొమ్మిదిమందిలో ఒకరు పోతే తలరాత అనుకున్న ఇల్లు, ఉన్న ఒక్క బిడ్డకే జబ్బు వస్తే అలా అనుకోలేదు. ఒక్క ఇంజెక్షన్‌కు 16 కోట్ల రూపాయలని ఫోన్లలో తిరిగే ఫొటోలు మీకూ వచ్చే ఉంటాయి. ఆ ఇంజెక్షన్ స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అనే, కండరాలను బలహీనపరిచే జబ్బుకు. అది కూడా ఇలా రెండు నకళ్లూ చెరిగితే వచ్చేదే. కొందరు పిల్లలకు పుట్టుకతో చెవుడు రావడం వెనక కూడా చాలా ఇళ్లలో ఇదే కథ.

మేనరికాన్ని ఎందుకు చేసుకున్నారో నాకు తెలుసు. పొలం చీలకూడదు, పిల్ల కళ్లముందుండాలి. మేనత్తే అత్తయితే పిల్లను కాల్చుకు తినదు. పరాయి ఊళ్లో పరాయి ఇంటికి వెళ్లిన ఆడపిల్లకు ఏమవుతుందో చూసిన తల్లులు తీసుకున్న నిర్ణయం అది. దాన్ని అనాగరికం అని ఒక్క మాటలో తోసేసే ఇంగ్లిష్ వ్యాసాలంటే నాకు చిరాకు. ఛార్లెస్ డార్విన్ 1839లో పెళ్లాడిన ఎమ్మా వెడ్జ్‌వుడ్ ఆయన సొంత మేనమామ కూతురే. పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. తన పెళ్లే కారణమా అన్న దిగులు ఆయన్ను వదల్లేదు. 1871 జనాభా లెక్కల ఫారంలో తల్లిదండ్రులు దగ్గరి చుట్టాలా అన్న ప్రశ్న ఒకటి చేర్చండని ఆయన బ్రిటన్ ప్రభుత్వానికి చెప్పించాడు. పార్లమెంటు ఒప్పుకోలేదు. ఫారంలో ఒక కాలమ్ అడిగి కాదనిపించుకున్నవాళ్లలో నేను మొదటిదాన్ని కానన్నమాట.

ఇది పల్లెటూళ్ల సంగతి, బెంగళూరుది కాదు అనుకోకండి. 1980 దశకంలో బెంగళూరు, మైసూరు ఆసుపత్రుల్లో పుట్టిన లక్షకు పైగా శిశువుల కుటుంబాలను పరిశీలిస్తే, తల్లిదండ్రుల్లో మూడో వంతుకు దగ్గరగా దగ్గరి చుట్టాలే. ఆ తర్వాత తగ్గింది గానీ పోలేదు. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడుల్లో ఇప్పటికీ ఇంచుమించు నాలుగు పెళ్లిళ్లలో ఒకటి అలాంటిదేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. పక్కనే ఉన్న కేరళలో చాలా తక్కువ.

"మేం మేనరికాలు ఎప్పుడో మానేశాం, బయటి సంబంధాలే చేస్తున్నాం" అనే పెద్దలకు ఒక మాట. మీ "బయట" ఎంత దూరం? అదే కులం, అదే శాఖ, వీలైతే అదే జిల్లా. 2017లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి దక్షిణాసియాలోని 263 సముదాయాల డీఎన్ఏను పోల్చారు. వాటిలో 81 సముదాయాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని తేలింది. ఆ ఇరుకుతనం ఫిన్లాండ్ జనం కన్నా, తూర్పు యూరప్ యూదుల కన్నా ఎక్కువ. వాళ్లిద్దరూ ఇలాంటి జబ్బులకు ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పుకునే జనాలు. మనకు ఉదాహరణలుగా చెప్పేంత పరిశోధన ఇంకా జరగలేదు, అంతే తేడా.

ఆ అధ్యయనంలో మనకు బాగా తెలిసిన సముదాయం ఒకటుంది. ఆర్యవైశ్యులు. సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువులో ఒక మార్పు వాళ్లలో మిగిలినవాళ్ల కన్నా బాగా ఎక్కువ. రెండు నకళ్లలోనూ ఆ మార్పు ఉన్న మనిషి ఆరోగ్యంగా తిరుగుతుంటాడు, పరుగెడతాడు, ముసలితనం దాకా బతుకుతాడు. ఆపరేషన్ బల్ల ఎక్కినప్పుడే తెలుస్తుంది. గొంతులో గొట్టం వేసేముందు కండరాలను సడలించడానికి మత్తు డాక్టర్లు సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు, ముఖ్యంగా అత్యవసరంలో. మామూలు మనిషిలో ఆ ఎంజైమ్ దాన్ని పది నిమిషాల్లోపే విరిచేస్తుంది. ఎంజైమ్ లేని మనిషి గంటల తరబడి కదల్లేడు, ఊపిరి తీయలేడు. వెంటిలేటర్ మీద పెట్టి, మందు దానంతటదే దిగేదాకా ఆగితే ఏ ప్రమాదమూ లేదు. ముందే తెలిస్తే ఆ మందే వాడరు, వేరేవి ఉన్నాయి. తెలియకపోవడమే ప్రమాదం, అందులోనూ చిన్న ఊళ్లో, అర్ధరాత్రి సిజేరియన్‌లో. కనిపెట్టడానికి ఒక మామూలు రక్త పరీక్ష చాలు.

ఈ సంగతి బయటికి చెబితే తమ కులానికి పేరు పోతుందని ఒక పెద్దమనిషి నాతో వాదించారు. పేరు పోవడానికి ఇందులో ఎవరూ చేసిన తప్పేమీ లేదు. దాదాపు వంద తరాల కిందట ఒక మూలపురుషుడిలోనో మూలస్త్రీలోనో ఉన్న చిన్న మార్పు, లోపలి పెళ్లిళ్ల వల్ల చెదిరిపోకుండా ఇంతమందికి చేరింది. వెతికారు కాబట్టి అక్కడ దొరికింది. రెడ్లలో, కమ్మల్లో, బలిజల్లో, బ్రాహ్మణుల్లో, మాలమాదిగల్లో వెతికితే ఎవరి మూట వాళ్లది బయటపడుతుంది.

ఇక మీ ఫారంలో ఇప్పటికే ఉన్న రెండు కాలమ్‌ల సంగతి. బ్లడ్ గ్రూపు ఎందుకు అడుగుతున్నారంటే, "ఇద్దరిదీ ఒకే గ్రూపైతే పిల్లలు పుట్టరట" అని జవాబు వస్తుంది. ఒకే గ్రూపు అయితే ఏమీ కాదు. చూసుకోవాల్సింది ఒక్కటే: అమ్మాయి ఆర్‌హెచ్ నెగటివ్, అబ్బాయి పాజిటివ్ అయితే గర్భం సమయంలోనూ కాన్పు తర్వాతా యాంటీ డీ ఇంజెక్షన్ వేయించాలి. ఏ గైనకాలజిస్టుకైనా తెలిసిన విషయం. దానికోసం సంబంధం వదులుకోవడం దండగ. రెండోది రంగు, ఎత్తు. తెల్లని కోడలు వస్తే మనవళ్లంతా తెల్లగా పుడతారన్న ఆశకు ఏ లెక్కా హామీ ఇవ్వదు. 2022లో 54 లక్షల మంది డీఎన్ఏ చూసి, ఒక్క ఎత్తుకే 12,000కు పైగా తేడాల చేయి ఉందని తేల్చారు. తిండి, నిద్ర, చిన్నప్పటి జబ్బులు వేరే. రంగు కూడా ఒక్క జన్యువు పని కాదు. బఠానీ ముడతలాంటి సూటి లెక్క వీటికి పనికిరాదు. దాన్ని ఇంత పెద్ద అక్షరాల్లో అడుగుతారు, సూటిగా లెక్క తేలేదాన్ని మాత్రం అడగరు.

సూటిగా తేలేవాటిలో ముందు వరసలో ఉన్నది తలసేమియా, రక్తంలో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జబ్బు. భారతదేశంలో నూటికి ముగ్గురు నలుగురు బీటా తలసేమియా క్యారియర్లు. వాళ్లకు కాస్త రక్తం తక్కువగా ఉంటుంది, ఐరన్ మాత్రలు మింగుతూ ఏళ్లు గడిపేస్తుంటారు, ఆ మాత్రలతో అది సర్దుకోదు. ఇద్దరు క్యారియర్లు కలిస్తే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం, బిడ్డకు పెద్ద తలసేమియా రావడానికి. ఆ బిడ్డకు పుట్టిన కొన్ని నెలల నుంచీ రెండు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకోకుండా రోజూ మందులు. బెంగళూరులో ఆ వార్డుల్లో తెలుగు వినబడుతుంది. చాలామంది తల్లిదండ్రులు నన్ను అడిగేది ఒకటే: "ఒకరికి వచ్చింది కదా, ఇక మూడు కాన్పులు ఫరవాలేదా?" ఫరవాలేదని చెప్పలేను. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే.

ఈ క్యారియర్లను పట్టడానికి రక్తకణాల లెక్క, హెచ్‌పీఎల్‌సీ అనే హిమోగ్లోబిన్ పరీక్ష చాలు. పెళ్లి ఖర్చులో ఒక మూలకు కూడా రాదు.

సమాజం పెద్దలు తలుచుకుంటే ఏమవుతుందో రెండుచోట్ల జరిగింది. సైప్రస్ ద్వీపంలో ఆరేడుగురిలో ఒకరు తలసేమియా క్యారియర్. 1980 దశకంలో అక్కడి ఆర్థడాక్స్ చర్చి, పెళ్లికి ముందు పరీక్ష చేయించుకున్నట్టు సర్టిఫికెట్ తెమ్మంది. ఆ కాగితంలో ఫలితం రాయరు. పరీక్ష జరిగింది, సలహా చెప్పారు అని మాత్రమే ఉంటుంది. ఇద్దరూ క్యారియర్లని తేలినా చాలా జంటలు పెళ్లి మానుకోలేదు, గర్భంలో పరీక్ష చేయించుకున్నాయి. జబ్బుతో పుట్టే పిల్లల సంఖ్య ఇంచుమించు సున్నాకు వచ్చింది.

రెండోది న్యూయార్క్‌లో. జోసెఫ్ ఎక్స్‌టైన్ అనే యూదు మతగురువు తన నలుగురు పిల్లలను టే-శాక్స్ జబ్బుకు పోగొట్టుకున్నాడు. ఆర్నెల్ల దాకా నవ్వుతూ ఆడే బిడ్డ, ఆ తర్వాత ఒక్కొక్కటీ మరిచిపోతూ నాలుగైదేళ్లలోపే పోయే జబ్బు అది. అక్కడా పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లే, అక్కడా "క్యారియర్" అని తెలిస్తే ఆ ఇంటి ఆడపిల్లలందరికీ సంబంధాలు ఆగిపోతాయన్న భయమే. 1980 దశకంలో ఆయన దోర్ యెషోరిమ్ అనే ఏర్పాటు చేశాడు. చదువుకునే వయసులోనే పిల్లల రక్తం తీసుకుని ఒక్కొక్కరికి ఒక నంబరు ఇస్తారు. సంబంధం మాటలు మొదలైనప్పుడు రెండు కుటుంబాలూ ఆ రెండు నంబర్లు చెబితే, ఈ జంట ఫరవాలేదనో, కలవదనో జవాబు వస్తుంది. పేరు బయటపడదు. ఎవరో ఒక్కరే క్యారియరైతే ఆ మాట ఎవరికీ చెప్పరు. మనకూ జాతకాలు చూసి కలిసిందనో కలవలేదనో చెప్పించుకోవడం అలవాటే, కాబట్టి ఇది మనవాళ్లకు విచిత్రంగా ఏమీ అనిపించదు.

ఆ నంబర్ల ఏర్పాటు అంతా మీరు రేపే మొదలుపెట్టలేరని తెలుసు. మొదలుపెట్టగలిగేది చెబుతాను.

పరీక్ష ముందు అబ్బాయికి చేయించండి. ఇది నా గట్టి కోరిక. తలసేమియా లాంటి వాటికి ఇద్దరిలో ఒకరు క్యారియర్ కాదని తేలితే చాలు, రెండోవారిని పరీక్షించాల్సిన అవసరమే ఉండదు. అలాంటప్పుడు ఆ మొదటివారు అమ్మాయే ఎందుకవ్వాలి? కడుపు నిలవకపోయినా, బిడ్డకు జబ్బొచ్చినా, వరసగా ఆడపిల్లలు పుట్టినా వేలు కోడలి వైపే తిరిగే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆడబిడ్డా మగబిడ్డా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్‌తో తేలుతుందని ఎన్నిసార్లు చెప్పినా. అమ్మాయి చేతికి ముందు ఒక ల్యాబ్ రిపోర్టు వస్తే అది రేపు ఆమె మీద ఆయుధమవుతుంది.

ఫలితం మైకులో చదవకూడదు, ఫారంలో రాయకూడదు, వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకూడదు. కాలమ్‌లో "పరీక్ష చేయించుకున్నారా, అవును లేదా కాదు" అని మాత్రం ఉండాలి, సైప్రస్ కాగితంలాగా. రిపోర్టు పెళ్లి చేసుకోబోయే ఇద్దరిదీ. ఇద్దరూ ఒకరికొకరు నచ్చాక, తాంబూలాలు మార్చుకోకముందు చూసుకోవాలి. తాంబూలాలయ్యాక, మంటపానికి అడ్వాన్సు ఇచ్చాక చూసుకునే ధైర్యం మనవాళ్లలో ఎవరికీ ఉండదు, నేను చూశాను.

రిపోర్టు కన్నా ముందు అడగాల్సింది ఒకటుంది, దానికి డబ్బు కూడా అక్కర్లేదు. రెండు వైపులా చిన్నప్పుడే పోయిన పిల్లలున్నారా, పుట్టు చెవుడు, బుద్ధిమాంద్యం, దెబ్బ తగిలితే రక్తం ఆగకపోవడం, యవ్వనం రాకముందే నడక పోవడం ఎవరికైనా ఉన్నాయా? ఇక్కడ తల్లి వైపు ప్రత్యేకంగా అడగండి. పిల్లాడికి మేనమామ పోలిక అని మురిసిపోతాం కదా, రక్తం గడ్డకట్టని హీమోఫిలియా, నడక పోగొట్టే డుషేన్ కండరాల జబ్బు కూడా ఆ దారినే వస్తాయి. అమ్మ క్యారియర్, ఆమె అన్నకు ఉంది, ఆమె కొడుక్కు రావచ్చు. మీలో పాతవాళ్లకు ఏడు తరాల చుట్టరికాలు కంఠస్థం. ఎవరింట్లో ఏ బిడ్డ ఎందుకు పోయిందో మీకు తెలిసినంత ఏ డాక్టరుకూ తెలియదు. నేను ఒక కుటుంబ వృక్షం గీయడానికి గంట పడుతుంది, మీరు కాఫీ తాగేలోపు చెప్పేస్తారు.

మేనరికం అప్పటికే నిశ్చయమై, ఇద్దరూ ఇష్టపడితే, పెళ్లి ఆపమని నేను చెప్పను. ఒకసారి జెనెటిక్స్ విభాగానికి పంపండి. ఇద్దరినీ కలిపి వందల జన్యువులు చూసే పరీక్షలు వచ్చాయి. ఏదైనా తేలితే గర్భం 11 నుంచి 13 వారాల మధ్య మావి నుంచి చిన్న ముక్క తీసి చూడొచ్చు, 16 వారాలప్పుడు ఉమ్మనీరు తీసి చూడొచ్చు. టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో పిండం దశలోనే చూసే దారి ఉంది. దత్తత ఉంది. అన్నీ తెలిసీ మామూలుగానే ముందుకెళతామంటే అదీ వాళ్ల ఇష్టమే. తీర్పు చెప్పే పని మీదీ కాదు, నాదీ కాదు. ఈ మాట గట్టిగా అంటున్నాను, ఎందుకంటే ఈ కాలమ్ తప్పుడు చేతుల్లో పడితే "మంచి రక్తం, చెడ్డ రక్తం" అని కొత్త కులం పుట్టించే తెలివి మన సమాజానికి పుష్కలంగా ఉంది. అలా జరిగే వేదికకు నా మద్దతు ఉండదు.

మీ తర్వాతి పరిచయ వేదిక ఫారాలు అచ్చుకు వెళ్లకముందు నన్ను పిలవండి. కాలమ్‌లో ఏ మాటలు ఉండాలో తెలుగులో, కన్నడలో రాసి ఇస్తాను. ఆ రోజు మంటపంలో, మైకుకు దూరంగా, వినబడకుండా మాట్లాడుకునే వీలున్న మూల ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేయించండి. నేనూ, ఇద్దరు ముగ్గురు సహోద్యోగులూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటాం. ఫీజు లేదు. ఆర్యవైశ్య సంఘాలవారు పిలిస్తే ఆ ఎంజైమ్ పరీక్ష ఏ ల్యాబుల్లో చేస్తారో కనుక్కుని జాబితా తెస్తాను. భోజనం మాత్రం మీరే పెట్టాలి.

ఇట్లు,
బెంగళూరులో పనిచేస్తున్న ఒక జెనెటిక్ కౌన్సెలర్